రామెసెస్ పేరులో రాముడు కలడా?

ఈజిప్టు దేశమును గూర్చి తెలుగులో వెలువడు వ్యాసములలో తరచుగ కనుపించు వాదము ఒకటి కలదు. ఆ దేశపు సూర్యదేవుని పేరు ‘రా’. మన సూర్యునికి ‘రవి’ అని పేరు. ఆ దేశమును పాలించిన రాజులలో 11 మందికి ‘రామెసెస్’ అని పేరు. అందులో మన రాముని పేరు స్పష్టముగ వినబడుచున్నది. కావున ఆ భాషకును మన భాషలకును పూర్వము చుట్టరికము ఉండి తీరవలెనట. పాఠశాలలో చురుకైన విద్యార్థి ఎవడైన ఇది నిజమా అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? ఔననుట సులభము, కాదని కసరుట అంతకంటె సులభము. పేరును పరీక్షించి చూపుటయే కొంచెము శ్రమ. అయితే ఈ పరీక్షకు హెచ్చు పాండిత్యము అక్కరలేదు. ఆ భాషలో ఒక క్రియ, ఒక సర్వనామము తెలిసిన చాలును. ఆ రెండును ఆ పేరులోనే ఉన్నవి.

ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ 1822లో ఈజిప్టు చిత్రలిపిని ఛేదించినప్పుడు ఆయనకు మిక్కిలి తోడ్పడిన పేర్లలో ఇది ఒకటి. రాజుల పేర్ల చుట్టు కోలగా ఒక గీత గీయుట ఈజిప్టువారి ఆచారము. అట్టి గీతలో ఆయనకు మొదట సూర్యబింబము వంటి గుండ్రని గుర్తు, తరువాత ఒక తెలియని గుర్తు, చివర ఒకే విధమైన గుర్తులు రెండు కనుపించినవి. చివరి గుర్తు ‘స్’ అను ధ్వనిని తెలుపునని గ్రీకు రాజుల పేర్లనుబట్టి ఆయనకు ముందే తెలియును. ఇక మొదటిది. షాంపోలియన్‌కు కోప్టిక్ భాష కొట్టినపిండి. కోప్టిక్ అనగా ప్రాచీన ఈజిప్టు భాష యొక్క కడపటి రూపము. దానిని గ్రీకు అక్షరములతో, మరికొన్ని అదనపు అక్షరములతో వ్రాయుదురు. ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనలలో అది నేటికిని వినబడును. కోప్టిక్‌లో సూర్యుడు ‘రే’. నడిమి గుర్తు రోజెట్టా శిలపై, గ్రీకు పాఠములో ‘జన్మదినోత్సవము’ అని ఉన్న చోటికి సరిపోవు తావున ఉన్నది. కోప్టిక్‌లో ‘మీసె’ అనగా కనుట. రే-మెస్-స్-స్: పేరు తెరచుకొన్నది.

తరువాతి పండితులు దీనిని ఇంకను సూక్ష్మముగ విడదీసిరి. మొదటి ముక్క సూర్యుడు. రెండవది ‘మ్‌స్’, అనగా కనుట అను క్రియ. మూడవది ‘స్‌వ్’, అనగా ‘వానిని’ అను సర్వనామము. మొత్తము అర్థము ‘వానిని కన్నవాడు రే’ అని. థుత్‌మోస్ అను మరియొక రాజనామమును దీని ప్రక్కన ఉంచి చూడుడు. అందు దేవుని పేరు ఉన్నది, కనుట ఉన్నది, కాని సర్వనామము లేదు. కావున దాని అర్థము ‘థోత్ పుట్టెను’ అని. ఒక చిన్న సర్వనామము చేరుటతో పుట్టినవాడు కన్నవాడు అయినాడు.

ఇప్పుడు రాముని సంగతి. సంస్కృతమున ‘రామ’ శబ్దములోని మకారము ‘రమ్’ ధాతువులోనిది; దానిని తీసివేసినచో శబ్దమే లేదు. ఈజిప్టు పేరులోని మకారము సూర్యుని పేరునకు చెందినదే కాదు. అది తరువాతి క్రియకు మొదటి అక్షరము. రామెసెస్‌ను ‘రామ’ అని కోయుట, ‘తలనొప్పి’ అను మాటను ‘తలన్ + ఒప్పి’ అని విడదీసి, తల యూపి ఒప్పుకొనుటయే దాని అర్థమని చెప్పుట వంటిది. నవ్వు వచ్చును గదా! తెలుగు మనకు తెలియును గనుక నవ్వు వచ్చును. ఈజిప్టు భాష తెలియదు గనుక అక్కడ ఆశ్చర్యము కలుగును.

‘రా’, ‘రవి’ అను జంట మాటేమి? ఇందు తప్పు మన వ్యాసకర్తలది మాత్రమే కాదు; వారు చూచిన పుస్తకములది గూడ. బ్రిటిష్ మ్యూజియములో పనిచేసిన వాలిస్ బడ్జ్ 1920లో ఒక పెద్ద ఈజిప్టు నిఘంటువును ప్రకటించెను. అది వెలువడిన కొలది కాలమునకే, 1926 మొదలు, ఎర్మాన్, గ్రాపోవ్ అను జర్మను పండితుల మహానిఘంటువు రాసాగినది. దానితో బడ్జ్ పుస్తకము శాస్త్రలోకములో వెనుకబడినది. కాని అది ఆంగ్లములో ఉన్నది, పునర్ముద్రణలలో చౌకగ దొరకుచున్నది, నేడు ఇంటర్నెట్టులో ఉచితముగ గూడ లభించుచున్నది. అందుచేత ఈజిప్టు పదముల కొరకు వెదకు సామాన్యుని చేతికి మొదట చిక్కునది అదియే. బడ్జ్ తన గ్రంథములో ఈజిప్టు హల్లులు మూడింటిని ఆంగ్లపు ‘ఎ’ అక్షరముపై వేరు వేరు గుర్తులు పెట్టి వ్రాసెను. చూచువారు అవి అచ్చులనుకొందురు. సూర్యుని పేరులో ‘ర్’ తరువాత ఉన్నది దీర్ఘమైన ఆకారము కాదు. అరబ్బీ భాషలో ‘ఐన్’ అను అక్షరముతో చూపు గొంతుక హల్లు. ఉర్దూ చదివినవారు ఆ అక్షరమును ఎరుగుదురు, కాని ఉర్దూలో దాని అసలు ధ్వని పోయినది. ‘రవి’లోని వకారమునకు ఈజిప్టు పదమున జవాబు దొరకదు, ఈజిప్టు పదములోని ఐన్‌కు ‘రవి’లో జవాబు దొరకదు. మిగిలినది రేఫ ఒక్కటే!

అసలు అచ్చు ఏమై యుండును? దీనికి వెలుపలి సాక్ష్యము కలదు. క్రీ.పూ. 1259 ప్రాంతమున రెండవ రామెసెస్ హిట్టైటు రాజుతో సంధి చేసికొనెను. అక్కాడియన్ భాషలో ఆ సంధి పాఠము మట్టిపలకలపై దొరకినది. ఆ క్యూనిఫారమ్ లిపి అచ్చులను చూపును. అందు మన రాజు పేరు ‘రియామషేష’ అని ఉన్నది. సూర్యుని ముక్క ‘రియ’. అందలి అచ్చు ఇకారము. కాలక్రమమున అదియే కోప్టిక్‌లో ‘రే’ అయినది. ‘రా’ అనునది ఈజిప్టు లేఖకుడు పలికిన పలుకు కాదు. ఐరోపా పండితులు చదువుటకు వీలుగ కల్పించుకొన్న ఏర్పాటు.

ఈ ఏర్పాటును కొంచెము వివరించవలెను. ఈజిప్టు లిపి హల్లులనే వ్రాయును. మన లిపిలో అన్నియు పొల్లులే ఉన్నట్లు ఊహించుడు. ‘క్-ల్-మ్’ అని మాత్రము వ్రాసినచో అది కలము కావచ్చును, కాలము కావచ్చును, కలిమి కావచ్చును, కొలిమి కావచ్చును. సందర్భమును బట్టి లేఖకునికి తెలియును. 3000 ఏండ్ల తరువాత చదువువానికి తెలియదు. నోటితో పలుకుట సాధ్యపడవలెనని పండితులు హల్లుల నడుమ ఒక ఎకారమును చొప్పించి చదువుదురు. ఇది తరగతి గదిలోని మర్యాద మాత్రమే. ఆ ఎకారములను పట్టుకొని పోలికలు వెదకుట, పటములో దేశమునకు వేసిన రంగును చూచి ఆ దేశపు నేల రంగు చెప్పినట్లుండును.

అచ్చులను వదలి హల్లులను మాత్రమే పోల్చినచో న్యాయము గదా అందురేమో. ఇక్కడ చిన్న లెక్క వేయుదము. ఒక భాషలో 20 హల్లులు కలవనియు, అన్నియు సమానముగ వాడబడుననియు అనుకొనుడు. రెండు హల్లుల పదములకు 20ని 20తో గుణించగ 400 చట్రములు ఏర్పడును. ఒకే అర్థము గల 1000 పదముల జంటలను రెండు భాషలనుండి తీసి పోల్చినచో, ఏ సంబంధము లేకున్నను, కేవలము కాకతాళీయముగ రెండు మూడు జంటలు సరిపోవును. ఇంతవరకు ప్రమాదము లేదు. కాని పోలికలు వెదకువాడు ఇంతటితో ఆగడు. కకారమునకు గకారము సరియే అనును, పకారమునకు బకారము చాలును అనును. అట్లు హల్లులను నాలుగేసి చొప్పున జట్లు కట్టినచో జట్లు 5, చట్రములు 25 మాత్రమే. అప్పుడు సరిపోవు జంటలు 40. అర్థములో గూడ కొంత సడలింపు ఇచ్చి, ‘సూర్యుడు’ అను పదమునకు పగలు, వెలుగు అను అర్థములు గల పదములను గూడ చేర్చుకొన్నచో 40 కాస్త 120 వరకు పోవును. వ్యాసమేమి, పుస్తకమే వ్రాయవచ్చును. పోలికలు ఎన్ని దొరకినవను ప్రశ్నకు విలువ లేదు. ఎంత సడలింపుతో దొరకినవని అడుగవలెను.

మరియొక ఉదాహరణము దీనికంటె మోసకారి. ఈజిప్టు భాషలో ‘మ్-వ్-త్’ అనగా చనిపోవుట. మన ‘మృత్యువు’ వెంటనే జ్ఞప్తికి వచ్చును. అర్థము ఒకటే, మకారము, తకారము రెంటను ఉన్నవి. కాని విడదీసి చూడుడు. సంస్కృతమున ధాతువు ‘మృ’. ‘అమరుడు’ అను శబ్దములో తకారము లేనే లేదు. ‘మృత్యువు’లోని తకారము ప్రత్యయమునకు చెందినది. ఈజిప్టు పదమున తకారము ధాతువులోని భాగము. అరబ్బీలోను అంతే: చావు ‘మౌత్’, చనిపోయినవాడు ‘మయ్యిత్’, రూపము ఎట్లు మారినను తకారము విడువదు. ‘మౌత్’ తెలంగాణములో ఉర్దూ ద్వారా అందరికి తెలిసిన మాటయే. ఈజిప్టు పదమునకు నిజమైన చుట్టము అది; మృత్యువు కేవలము ముఖము పోలిన పరాయివాడు.

ఇది నిజమైన చుట్టరికమని ఎట్లు చెప్పగలరు? ఒక పదముతో చెప్పలేరు. ఇక్కడనే సర్వనామముల వరుస అక్కరకు వచ్చును. పదములు వర్తకులతో ప్రయాణము చేయును. సర్వనామములు, వాటి ప్రత్యయములు ఇల్లు విడిచి పోవుట బహు అరుదు. ఈజిప్టు భాషలో ‘పెర్’ అనగా ఇల్లు. పురుషునితో ‘నీ ఇల్లు’ అనుటకు ‘పెర్-క్’. ‘వాని ఇల్లు’ అనుటకు ‘పెర్-ఫ్’. ‘ఆమె ఇల్లు’ ‘పెర్-స్’. ‘మా ఇల్లు’ ‘పెర్-న్’. ‘వారి ఇల్లు’ ‘పెర్-సెన్’. (మన మేము, మనము అను భేదము అందు లేదు.) అక్కాడియన్‌లో ఇవే స్థానములలో వరుసగ క, షు, ష, ని, షును అను ప్రత్యయములు వచ్చును. ఉత్తర ఆఫ్రికాలోని బెర్బెరు భాషలలో గూడ ‘నీ’ అనుటకు ‘క్’, ‘ఆమె’కు ‘స్’, ‘వారి’ అనుటకు ‘సెన్’ కనుపించును. ‘నేను’ అనుటకు కోప్టిక్‌లో ‘అనోక్’, అక్కాడియన్‌లో ‘అనాకు’, హీబ్రూలో ‘అనోఖి’. ఒక్కొక్క పోలిక కాకతాళీయము కావచ్చును. ఇన్ని పోలికలు ఒకే పట్టికలో తమ తమ గళ్లలోనే పడుట కాకతాళీయము కాజాలదు. వీటినన్నిటిని ఆఫ్రో-ఏషియాటిక్ కుటుంబమని నేడు వ్యవహరించుదురు.

స్త్రీతో ‘నీ ఇల్లు’ అనవలసినప్పుడు ఈజిప్టువాడు ‘క్’ అనడు. మన ‘చ్’ వంటి ధ్వనిని వాడును. అక్కాడియన్, అరబ్బీ భాషలలో ఇక్కడ ‘కి’ ఉన్నది. పట్టిక చెడినట్లు తోచును. కాని ఇకార ఎకారముల ముందు కకారము చకారమగుట తెలుగువారికి క్రొత్త కాదు. కన్నడమున కివి, కెరె, కెడు. తెలుగున చెవి, చెరువు, చెడు. అదే మార్పు నైలునది ఒడ్డున వేల ఏండ్ల క్రిందట జరిగినది. ఇట్లు నియమముతో వివరింపబడిన భేదము, వివరణ లేని పోలికకంటె గొప్ప సాక్ష్యము. ఇక ‘వాని’ అనుటకు వచ్చు ‘ఫ్’ ఉన్నదే, దానికి అక్కాడియన్‌లోగాని అరబ్బీలోగాని సరియైన జోడు లేదు. దానిపై చేసిన ఊహలు పెక్కు. అందరును ఒప్పుకొన్నది ఒకటియు లేదు. ఈ ఖాళీ గడిని దాచక పట్టికలో అట్లే చూపుదురు. పోలికల వ్యాసములలో నాకు ఎన్నడును కనుపించనిది ఈ ఖాళీ గడియే.

మన భాషల విషయమున ఈ పరీక్ష జరిగి రెండు శతాబ్దములు దాటినది. 1816లో వెలువడిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర వ్రాసిన ఉపోద్ఘాతములో తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమునకు చెందినవని ధాతువులను వరుసపెట్టి చూపెను. ఆ కుటుంబపు సర్వనామములు – నేను, నాన్, నాను. నీవు, నీ, నీను – ఈజిప్టు పట్టికలో ఏ గడిలోను కూర్చుండవు.

క్రియల దగ్గర ఒక చిక్కు కలదు. ఈజిప్టు భాషలో ‘సెజెమ్’ అనగా వినుట. ‘సెజెమ్-ఫ్’ అనగా ‘వాడు వినును’; నడుమ నకారము చేర్చి ‘సెజెమ్-న్-ఫ్’ అన్నచో ‘వాడు వినెను’. ఇల్లు అను నామమునకు చేరిన ‘ఫ్’ ఇక్కడ క్రియకు చేరినది. ‘వింటిని’, ‘వింటివి’ అను తెలుగు క్రియలలో గూడ కడపట సర్వనామపు ముక్కలే ఉన్నవి గదా, ఇది చుట్టరికము కాదా అని అడుగవచ్చును. కాదు. క్రియకు సర్వనామమును అతికించుట లోకములో ఎన్నో భాషలు చేయు పని. ఇల్లు కట్టు తీరు ఒకటే అయినంత మాత్రమున ఇటుకలు ఒకే బట్టీలోనివి కావు.

ఈ క్రియారూపములను నేర్చుకొనవలెనన్న ఆంగ్లములో పెద్ద దిక్కు గార్డినర్ వ్యాకరణము. 1927లో మొదటి కూర్పు, 1957లో మూడవ కూర్పు వెలువడినవి. చిత్రలిపి గుర్తులకు ఆయన తయారుచేసిన పట్టికను నేటికిని అందరు వాడుదురు. పాఠములు, అభ్యాసములు చేయిపట్టి నడిపించునట్లుండును. కాని క్రియల ప్రకరణమును మాత్రము జాగ్రత్తతో చదువవలెను. కొన్ని ధాతువులలో కడపటి హల్లు రెండుసార్లు వచ్చు రూపము కలదు. ‘మెర్-ఫ్’ అనుటకు బదులు ‘మెరెర్-ఫ్’ అని. ఇది పనియొక్క కొనసాగింపును, పునరావృత్తిని తెలుపునని గార్డినర్ చెప్పెను. 1944లో పొలోట్‌స్కీ కోప్టిక్ వాక్యములను ఆధారముగ చేసికొని వేరొక వివరణము తెచ్చెను: ఇట్టి రూపములు నామమువలె ప్రవర్తించి, వాక్యములోని మరియొక మాటపై ఊనికను పెట్టును. ఆంగ్లేయునకు ఇది తలకెక్కుట కష్టము, మనకు సులభము. ‘వాడు నిన్న వచ్చెను’ అనుటకును, ‘వాడు వచ్చినది నిన్న’ అనుటకును గల భేదమే అది! తరువాతివారు పొలోట్‌స్కీ సిద్ధాంతమును గూడ కొంత సవరించిరి. కాని గార్డినర్ చెప్పినదానికి మరల పోలేదు. మూడవ కూర్పులో గూడ ఆ ప్రకరణపు చట్రము మారకపోవుట ఆ మహాగ్రంథమునకు పెద్ద లోటు. క్రొత్తగ మొదలిడువారు 2000లో వెలువడిన జేమ్స్ ఆలెన్ వ్యాకరణమును ప్రక్కన ఉంచుకొనుట మేలు.

ఇంత చెప్పినందువలన ఈజిప్టునకును మనకును ఏ సంబంధము లేదని అర్థము కాదు. రెండవ రామెసెస్ కళేబరపు ముక్కులో మిరియపు గింజలు కనుగొనబడినవి. మిరియము దక్షిణ భారతపు పంట. సరకు వచ్చినది నిజము. కాని సరకు వచ్చిన చోటికెల్ల వ్యాకరణము రాదు.

ఎరువు మాటల సంగతి వేరు. వాటికి దారి చూపగలిగిన చాలును. ‘పెర్-ఆ’ అనగా పెద్ద ఇల్లు, రాజగృహము. మన యూళ్లలో ‘పెద్దింటివారు’ అన్నట్లు అది క్రీ.పూ. 14వ శతాబ్దము నాటికి రాజునకే పేరైనది. హీబ్రూ, గ్రీకు భాషల మీదుగ ‘ఫారో’ అయినది. కళేబరములను ఎండబెట్టుటకు ఈజిప్టువారు వాడిన ఒక క్షారమునకు వారి పేరు గ్రీకులోనికి ‘నిట్రోన్’ అనియు, అరబ్బీలోనికి ‘నత్రూన్’ అనియు పోయినది. సోడియమునకు ‘నేట్రియమ్’ అను లాటిన్ పేరు, దాని సంకేతము అందుండియే వచ్చినవి. ‘నైట్రోజన్’ గూడ ఆ వంశమే. దానినిబట్టి మనవారు చేసిన మాట ‘నత్రజని’. రామెసెస్‌లో దొరకని చుట్టరికము, ఎరువుగానైనను, తొమ్మిదవ తరగతి రసాయనశాస్త్రములో దొరకుచున్నది.

ఇదే చోట మన శాస్త్రగ్రంథములను గూడ ఒక మాట అనక తప్పదు. ‘కెమిస్ట్రీ’ అను పదము ఈజిప్టునకు ఆ దేశస్థులు పెట్టుకొన్న ‘కెమెత్’, అనగా నల్లనేల, అను పేరునుండి పుట్టినదని పెక్కు పాఠ్యపుస్తకములు నిస్సంశయముగ వ్రాయుచున్నవి. ఆ దేశమునకు ఆ పేరు ఉన్నమాట నిజము, కోప్టిక్‌లో ‘కేమె’. ప్లూటార్కు అను గ్రీకు రచయిత గూడ ఈ పేరును ఎరుగును. కాని లోహమును కరగించి పోయుట అను అర్థము గల గ్రీకు ధాతువునుండి ఆ శాస్త్రనామము వచ్చినదను వాదము గూడ అంతే బలముగ ఉన్నది. ధ్వని పోలిక రెంటికిని కలదు. దారిని చూపు పత్రము ఏ ఒక్కదానికిని తిరుగులేనిది కాదు. రామెసెస్‌ను రామునికి ముడిపెట్టు వ్యాసకర్తను నిలదీయు మనము, మన పుస్తకములోని ఆ వాక్యము చివర ‘అని కొందరి అభిప్రాయము’ అను మూడు మాటలైనను చేర్చి చదివించవలెను.